ఏడో దెబ్బ

మా ఆయన వాయించేది సంగీతమంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. నేనూ చాలాకాలం నమ్మలేదు. పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం, గాజువాక ఆటోనగర్‌లో వాళ్ళు సాధన చేసుకునే రేకుల షెడ్డుకి టిఫిను క్యారేజీ పట్టుకెళ్ళాను. నాకంటే ముందే ఒక ముసలి మెకానిక్కు తలుపు దగ్గర చెవి ఒగ్గి నిలబడి ఉన్నాడు. "లోపల బేరింగు పోయిందమ్మా. గ్రీజు పెట్టకపోతే మిషను మొత్తం ఊడొచ్చీస్తాది, ఎవరికైనా చెప్పు" అని నాకు జాగ్రత్త చెప్పి వెళ్ళిపోయాడు.

లోపల మిషనూ లేదు, బేరింగూ లేదు. మా ఆయన గౌరీశు డ్రమ్ముల వెనక చెమటలు కక్కుతున్నాడు. పోర్టులో క్రేను నడిపే ఫిలిప్ గిటారు గీకుతున్నాడు. వెల్డింగు పని చేసే పైడిరాజు బేసు గిటారు మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఈ ముగ్గురి జట్టు పేరు ఇరుసు. మెటల్ సంగీతంలో టెక్నికల్ అని ఒక తెగ ఉందట, లెక్కలన్నీ అందులోనే ఉంటాయట. నాకు వినబడిందల్లా రోకలిబండ, కంకర మిల్లు, బస్సు గేరు ఒకేసారి తిరగబడ్డ మోత.

పన్నెండేళ్ళు వాయించారు. ఊళ్ళో ఎవడూ పట్టించుకోలేదు. వినాయక చవితి పందిట్లో ఒకసారి అవకాశమొస్తే, రెండో పాటకే కమిటీవాళ్ళు జనరేటరు పాడైందనుకుని ఆపేశారు. నెట్‌లో పెట్టిన పాటలకి ఫిన్లాండు నుంచి ఎవరో ఒకాయన మాత్రం మెచ్చుకుంటూ రాసేవాడు. ఆయన మెసేజీ వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. "ఆయన్నే పెళ్ళి చేసుకో మావా, నన్ను వదిలీ" అనేదాన్ని నేను.

వాళ్ళ పాటల్లో ఒక తిక్క ఉంది. ఆరు దెబ్బలు వరసగా, గడియారానికి కొలిచినట్టు కొడతారు. ఏడోది కొట్టరు. అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు, మళ్ళీ మొదటినుంచి అందుకుంటారు. ఆ ఖాళీకి వాళ్ళు పెట్టుకున్న పేరు గొయ్యి. షెడ్డుకెళ్ళే దారిలో ఆటో ఎప్పుడూ పడే గొయ్యి ఒకటుందిలెండి, దాని గౌరవార్థం. వింటున్న మనిషి ఆ దెబ్బ వస్తుందని కాలు చాస్తాడు, అక్కడ మెట్టు ఉండదు.

నాకు కర్రీ పాయింటు ఉండేది. పొద్దున్న పదింటికల్లా పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి ట్రేల్లో సర్దేసి గట్టిగా పిలిచి అమ్మేదాన్ని. నా నోరు పెద్దది, దాచుకునేదేం లేదు. ఇంట్లో అటు ఆయన డ్రమ్ములు, ఇటు నా నోరు. మధ్యలో పిల్లల సందడి ఉంటే బాగుండేదని ఇద్దరికీ ఉండేది. రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఐదో నెల దాటుతుండగా మళ్ళీ అదే నొప్పి మొదలైంది.

అప్పటికి విశాఖలో, కొండ మీద ఒక పరిశోధన ఆసుపత్రిలో నీళ్ళ సంచీలు కొత్తగా మొదలుపెట్టారు. కడుపులో నిలవని బిడ్డని బొడ్డుతాడుతో సహా తీసి, వెచ్చటి నీళ్ళున్న పారదర్శకమైన సంచీలో ఉంచుతారు. బొడ్డుతాడుకి గొట్టాలు తగిలిస్తారు. నెలలు నిండేదాకా బిడ్డ అందులోనే పెరుగుతుంది. మాకు దిక్కు అదొక్కటే. డాక్టర్ మెహరున్నీసా మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "ఇది ఇంకా ప్రయోగమేనమ్మా, మాకు తెలియనివి చాలా ఉంటాయి" అని ముందే చెప్పింది. బిడ్డ బతికితే చాలన్నాను.

బతికింది. రోజూ వెళ్ళి చూసేవాళ్ళం. నా అరచెయ్యంత పిల్ల, నీళ్ళలో కాళ్ళు ముడుచుకుని నిద్రపోయేది. సంచీ పక్కన మైకు పెట్టారు, తల్లి గొంతు బిడ్డకి వినిపించాలని. నేను ఆ మైకులో రోజంతా జరిగినదంతా చెప్పేదాన్ని. గోంగూర ధర పెరిగిందనీ, పక్కింటి వరలక్ష్మి మళ్ళీ అలిగి పుట్టింటికి పోయిందనీ, నాన్న షర్టు మళ్ళీ తిరగేసి తొడుక్కున్నాడనీ. బుజ్జమ్మా అని పిలిస్తే పిల్ల వేళ్ళు కదిలేవి. అది నాకోసమే అనుకునేదాన్ని.

మా ఆయన సంగతి వేరు. సంచీకి మూడు పంపులు. ఒకటి రక్తానికి, ఒకటి ఆ రక్తంలోకి గాలి ఎక్కించడానికి, ఒకటి నీళ్ళు మార్చడానికి. మూడూ మూడు వేగాల్లో కొట్టుకునేవి. ఈయన స్టాండు ఇనుప కడ్డీకి చెవి ఆనించి, మొహం వెలిగిపోతూ నిలబడేవాడు.

"రత్నం, విను. ఇది మూడు, అది ఐదు, ఆ మూల ఉన్నది పదకొండు. మూడూ ఎక్కడ కలుస్తాయో చూడు. మేము పన్నెండేళ్ళు కొట్టుకున్నాం, మన పిల్ల పుట్టకముందే వింటోంది" అన్నాడు.

"పిల్ల మొహం చూడు మావా, పంపు మొహం తర్వాత చూద్దువు" అన్నాను.

ఆయన నవ్వి, ఆ చప్పుడంతా ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

నెలలు నిండాయి. సంచీలోంచి తీసి, తాడు కోసి, పిల్లని నా గుండెల మీద పడుకోబెట్టారు. ఏడ్చింది, ఏడవాలి కదా, సంతోషపడ్డాం. ఆ ఏడుపు ఆగలేదు. బుజ్జమ్మా అన్నాను, జో కొట్టాను, పాట పాడాను. నా గొంతు వినబడితే ఇంకా గుక్కపెట్టేది. గుండెకి హత్తుకుంటే వెనక్కి విరుచుకునేది. పాలు పట్టబోతే నోరు తెరిచి ఏడవడమే తప్ప పీల్చడం లేదు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పంపారు.

డాక్టరమ్మ రెండు రోజులు అన్నిరకాల పరీక్షలూ చేయించి, మమ్మల్ని పిలిచింది. ఆవిడ మొహం కూడా వాడిపోయి ఉంది.

"పాపకి ఏ లోపమూ లేదమ్మా. చెవులు పనిచేయడం మొదలయ్యేదే ఆరో నెలలో. అప్పటికే సంచీలో ఉంది. మీ గొంతు చిన్న స్పీకర్లోంచి వెళ్ళింది, పంపుల అదురు నీళ్ళలోంచి, తాడులోంచి ఒళ్ళంతా వెళ్ళింది. తల్లి అంటే ఆ పిల్లకి తెలిసింది ఆ పంపులే. మేం ఇది ఊహించి ఉండాల్సింది" అంది.

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఎవరి మీదా రాలేదు. ఆ గోంగూర కబుర్లన్నీ ఎవరికి చెప్పినట్టు అనిపించింది. ఎంతసేపు ఏడ్చానో తెలీదు గాని, కన్నీళ్ళకి నా జాకెట్టు తడిసిపోయింది.

ఆ మధ్యాహ్నం మా ఆయన ఒక పని చేశాడు. డ్రమ్ములు కొట్టేవాడికి తప్ప ఇంకెవరికీ అలాంటి ఆలోచన రాదు. ఫోను తీసి, దాచుకున్న పంపుల చప్పుడు పెట్టి, ఉయ్యాల పక్కన ఉంచాడు. పిల్ల ఏడుపు టక్కున ఆగింది. పిడికిళ్ళు విచ్చుకున్నాయి. మొహం తేటపడింది. నర్సు చప్పట్లు కొట్టబోయి ఆగింది. గౌరీశు నా వైపు చూసి నవ్వాడు, నేను కూడా నవ్వాను. పుట్టాక మొదటిసారి పిల్ల ప్రశాంతంగా ఉంది. ఎంత ప్రశాంతంగా ఉందంటే ఛాతీ కూడా కదలడం లేదు.

ముందు పెదాలు నీలమయ్యాయి. తర్వాత మానిటరు మోగింది. నర్సు ఫోను లాగి అవతల పారేసి, పిల్ల అరికాళ్ళు గట్టిగా రుద్దింది. పిల్ల ఒక్కసారి ఎగిరిపడి గాలి పీల్చి ఏడ్చింది. ఆ ఏడుపంత మంచి చప్పుడు నా జన్మలో వినలేదు.

"పంపు నడుస్తున్నంతకాలం ఊపిరి ఆ పిల్ల పని కాదు కదా. ఆ చప్పుడు వింటే ఊపిరితిత్తులకి సెలవిచ్చినట్టే" అంది డాక్టరమ్మ, గోడకి ఆనుకుని. ఆ మాటకి అర్థం కాసేపటికి గాని తలకెక్కలేదు. మిక్సీ, ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు, ఆటో. మా ఊళ్ళో మోటారు చప్పుడు లేని చోటేది? పాలు తనంతట తాను తాగడం నేర్వకపోతే పొట్టకి కన్నం పెట్టి గొట్టం వేయాలి. మోటారు వింటే ఊపిరి ఆగే పిల్లని ఇంటికి పంపడం కుదరదు. డాక్టరమ్మ ఈ రెండూ నెమ్మదిగా చెప్పింది.

గౌరీశు వెళ్ళి వరండాలో ఒక్కడూ కూర్చున్నాడు. "ఇంక కర్ర పట్టుకోను రత్నం, నా పిచ్చి పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది" అన్నాడు. తిట్టడం వచ్చు గాని, ఓదార్చడం నాకు చేతకాదు.

మర్నాడు ఫిలిప్, పైడిరాజు రొట్టె, బత్తాయిలు పట్టుకుని వచ్చారు. ముగ్గురు మగాళ్ళు మంచం పక్కన బల్ల మీద కదలకుండా కూర్చున్నారు. పిల్ల నా ఒళ్ళో ఏడ్చి ఏడ్చి సన్నగా మూలుగుతోంది. గౌరీశు వేళ్ళు మాత్రం మంచం పట్టె మీద వాటంతటవే కొట్టుకుంటున్నాయి. నిద్రలో కూడా కొట్టుకుంటాయి అవి, నాకు అలవాటే. ఆరు దెబ్బలు, ఆగడం. ఆరు దెబ్బలు, ఆగడం.

పిల్ల మూలుగు ఆగింది. గబుక్కున దాని ఛాతీ మీద చెయ్యి వేశాను. ఊపిరి ఆడుతోంది. పెదాలు చూశాను. ఆయన వేళ్ళు ఆగిన చోట పెదాలు ముడుచుకున్నాయి. మళ్ళీ ఆరు దెబ్బలు, మళ్ళీ ఆ ఖాళీలో చప్పరింపు. అక్కడ రావాల్సిన దెబ్బ రాలేదు, పిల్ల తనే వేసుకుంటోంది.

"మావా, ఆపకు" అన్నాను.

"ఏటి?"

"నీ వేళ్ళు. అలాగే కొట్టు. ఫిలిప్పూ, నర్సుని పిలు."

డాక్టరమ్మ వచ్చి చాలాసేపు వంగి చూసింది. పిల్ల ఒంటికి తగిలించిన తీగల లెక్కలన్నీ చూసింది. "పంపు లాగే ఉంది, పంపు కాదు. పంపు ఖాళీ వదలదు" అని తనలో తాను అనుకుని, మా ఆయన వైపు తిరిగి, "ఇది ఎక్కడిది?" అని అడిగింది.

"మా పాటండి" అన్నాడు గౌరీశు, తప్పు చేసినవాడిలా.

ఆవిడ అనుమతి ఇచ్చింది గాని షరతులతో. మానిటరు ఉండాలి, నర్సు పక్కనే ఉండాలి. ఇంకొకటి నాకు: "తాగేటప్పుడు మీరు మాట్లాడకండమ్మా. కొత్త గొంతు వింటే ఆపేస్తోంది." పాలసీసా పట్టుకునేది నేను, ఒళ్ళో పెట్టుకునేది నేను, నోరు మాత్రం కట్టేసుకోవాలి. నా సంగతి తెలిసినవాళ్ళకి అదెంత శిక్షో అర్థమవుతుంది.

అలా ఇరుసు జట్టుకి పన్నెండేళ్ళకి ఒక శ్రోత దొరికింది. రబ్బరు పలక మీద గౌరీశు, పరుపు కింద పెట్టిన చిన్న స్పీకర్లోంచి వచ్చే రెండు గిటార్లు. గట్టిగా కాదు, ఒంటికి తెలిసేంత. మొదటిరోజు తుడవడానికి వచ్చిన ఆయమ్మ, "ఏసీ పాడైపోయిందేటమ్మా, ఎవరికైనా చెప్పకపోయారా?" అని అడిగింది. పైడిరాజు లేచి ఆవిడకి దండం పెట్టాడు.

రికార్డు చేసి పెడితే సరిపోతుంది కదా అని ఫిలిప్ అన్నాడు. పెట్టి చూశాం. నాలుగు గుక్కలు తాగి మానేసింది. పిల్లకి అలసట వస్తే ఆగాలి, తయారైతే అందుకోవాలి. గౌరీశు కళ్ళు పిల్ల పెదాల మీదే ఉంచి, ఆ ఖాళీని సాగదీసేవాడు, కుదించేవాడు. రికార్డు ఎవరి మొహం చూస్తుంది? అందుకని ముగ్గురూ డ్యూటీలు మార్చుకుని, ప్రతి పాలవేళకీ ఎవరో ఒకరు ఉండేవారు. పైడిరాజు ఒకసారి వెల్డింగు కళ్ళద్దాలు నుదుటి మీదే పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కర్రీ పాయింటు మూసేశాను. మిక్సీ లేకుండా వంట అవ్వదు, మిక్సీ ఉన్న చోటికి నా పిల్ల రాదు.

ముక్కు గొట్టం తీసేశారు. తర్వాత అసలు పని మొదలైంది. పిల్లని ఈ యంత్రం మోతలోంచి మెల్లగా మనుషుల్లోకి తేవాలి. డాక్టరమ్మ నా గుండె కొట్టుకునే వేగం కొలిచి గౌరీశుకి ఇచ్చింది. వారానికి కొంచెం చొప్పున పాటని ఆ వేగందాకా తగ్గించాలి, ఇనుప గరుకు తీసేయాలి. ముందు ఫిలిప్ గిటారు ఆగిపోయింది. తర్వాత పైడిరాజుది. రబ్బరు పలక పోయి తలగడ వచ్చింది, కర్రలు పోయి వేళ్ళు వచ్చాయి. పన్నెండేళ్ళు ఒక్కో మేకూ కొట్టి కట్టుకున్న పాటని వాళ్ళ చేతులతో వాళ్ళే విప్పుకున్నారు.

ఒకరోజు వరండాలో అన్నం తింటూ, "ఆ పాత పాట మళ్ళీ కొడతావా మావా?" అని అడిగాను.

"నీకు పడదు కదే" అన్నాడు.

"పడదు. కానీ ఇల్లు బోసిపోతాది" అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకుని నా వైపు కొత్తగా చూశాడు.

పిల్ల ఒళ్ళు చేసింది. నాన్న వేళ్ళు కనబడితే కాళ్ళాడించేది. ఫిలిప్ మామయ్య గడ్డం పట్టుకునేది. నేనంటే మాత్రం పాలసీసా పట్టే చెయ్యి, పడుకునే ఒడి. పాలవేళ కానప్పుడు ఎంత మాట్లాడినా, గాలికి తలుపు కొట్టుకుంటే చూసినట్టు ఒకసారి చూసి మొహం తిప్పుకునేది. ఏడుపు మానేసింది, అంతే. ఆ మాట గౌరీశుతో అనలేదు. పిల్ల బతికితే చాలని నేనే కదా అన్నది. చాలదని ఇప్పుడు ఏ మొహంతో అనను?

ఇంటికి పంపేముందు ఒక పరీక్ష ఉందని డాక్టరమ్మ చెప్పింది. పంపుల చప్పుడు మళ్ళీ వినిపిస్తారు, అసలుదే. ఆ మోతలో పిల్ల తనంతట తాను ఊపిరి పీలుస్తూ ఉంటే ఇంటికి పోవచ్చు. ఆగిపోతే ఇంకా నెలల తరబడి ఇక్కడే. గౌరీశు వేళ్ళు కదపకూడదు. ఎవరూ సాయం చేయకూడదు. నర్సు చేతిలో ఆక్సిజన్ తయారుగా ఉంటుంది.

పొద్దున్నే పరీక్ష గదిలోకి వెళ్ళాం. కిటికీలోంచి ఎండ పడుతోంది, దూరంగా సముద్రం మీద ఓడలు ఆగి ఉన్నాయి. పిల్లని నా మోకాళ్ళ మీద, నాకు ఎదురుగా పడుకోబెట్టుకున్నాను. గౌరీశు రెండు చేతులూ చంకల్లో బిగించుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. డాక్టరమ్మ తల ఊపింది.

పంపులు మొదలయ్యాయి. మూడు, ఐదు, పదకొండు, ఎక్కడా ఖాళీ లేకుండా. పిల్ల ఆడిస్తున్న కాళ్ళు ఆగిపోయాయి. కళ్ళు ఎక్కడికో పోయాయి. పిడికిళ్ళు విచ్చుకున్నాయి. ఆ ప్రశాంతత నేను ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేను. ఛాతీ పైకి లేచింది. ఆగింది. మళ్ళీ లేవడానికి ఎంతసేపు పట్టిందో, నర్సు ఒక అడుగు ముందుకేసింది. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. దాని తల్లి పిలుస్తోంది, అది వెళ్ళిపోతోంది అనుకున్నాను.

"ఊ" అంది పిల్ల.

చిన్న కూత. ఇంకొకటి. కనుబొమలు ముడిచి, పెద్ద పని చేస్తున్నట్టు, ఒక్కోదానికీ గాలి పీల్చుకుని మరీ అంటోంది. ఊ, ఊ, ఊ. గోడ దగ్గర గౌరీశు పెదాలు లెక్కపెడుతున్నాయి. ఆరు అంది. ఆగింది.

ఆగి, నా మొహంలోకి చూసింది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ ఆరు కూతలు కూసి మళ్ళీ ఆగింది. కళ్ళు నా మీదే ఉన్నాయి, నోరు కొంచెం తెరిచి ఉంది. పంపులు మోగుతున్నాయి, వాటి వైపు చూడటం లేదు. ఎవరైనా మనకి చోటిచ్చి కూర్చోమన్నట్టుంది ఆ చూపు. ఆ ఖాళీ మా ఆయన కోసం కాదు, పాల కోసం కాదు. ఎవరూ సాయం చేయకూడదని డాక్టరమ్మ చెప్పిన మాట నాకు గుర్తుంది. అయినా ఊరుకోలేకపోయాను.

"చెప్పు, బుజ్జమ్మా" అన్నాను.

పిల్ల మొహమంతా నవ్వు. ఛాతీ నిండా గాలి పీల్చి మళ్ళీ ఆరు కూసింది, నాకు చోటు వదిలింది. "అవునా తల్లీ" అన్నాను. మళ్ళీ కూసింది. "అలాగేటి, ఇంకా?" అన్నాను. నర్సు ఆక్సిజన్ గొట్టం పక్కన పెట్టేసింది. గౌరీశు గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. నేను గోంగూర సంగతి మొదలుపెట్టాను. ఒక్కో మాటకీ దాని జవాబు కోసం ఆగుతున్నాను, నా జవాబు కోసం అది ఆగుతోంది.

డాక్టరమ్మ పంపుల చప్పుడు ఎప్పుడు ఆపిందో నాకు తెలీదు. మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం.